గోడలు లేని చెర
వెలుగు వెంట – 17వ భాగం

కాంతిని ఒకచోట నిలిపి ఉంచాలంటే అద్దాలు కావాలి. ఎదురెదురుగా రెండు అద్దాలు పెట్టి, వాటి మధ్య కాంతిని అటూ ఇటూ పరిగెత్తించడంతోనే లేజర్ పుట్టిందని గత భాగంలో చెప్పుకున్నాం. అక్కడ అద్దం గోడ పని చేస్తుంది. గోడ ఎంత గట్టిదైతే కాంతి అంతసేపు నిలుస్తుంది.

ఈ భాగంలో ఆ గోడలే ఉండవు. అద్దాల్లేవు, లోహపు పూత లేదు, బయటికి పోయే దారులన్నీ తెరిచే ఉంటాయి. అయినా తల వెంట్రుక మందంలో నూరో వంతు ఉండే ముక్కలో కాంతి చిక్కుకుపోతుంది. అదీ ఏ కాంతి పడితే ఆ కాంతి కాదు, తనకు సరిపడిన ఒకే ఒక్క సన్నని రంగు. ఆ రంగు పిసరంత అటూ ఇటూ అయితే ముక్క దాన్ని పట్టించుకోదు. ఇలాంటి పదునైన అనునాదం ఇంత చిన్న వస్తువులో ఎలా సాధ్యమో తేల్చడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆ ఆధారాలు ఒకచోట దొరకలేదు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు పనుల్లో మునిగి ఉన్నవాళ్ల చేతుల్లో ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

పదును అంటే ఏమిటో ముందు చూద్దాం. గుడిలో కంచుగంటను ఒక్కసారి కొట్టి వదిలేస్తే చాలాసేపు మోగుతుంది, దాని శ్రుతి స్పష్టంగా తెలుస్తుంది. చెక్కబల్ల మీద కొడితే ‘ఠప్’మని ఆగిపోతుంది, అది ఏ శ్రుతో చెప్పలేం. కాంతికీ ఇదే నియమం. లోపల ఎంత ఎక్కువసేపు నిలిస్తే రంగు ఎంపిక అంత కచ్చితంగా ఉంటుంది. ఈ నిలకడను ‘క్యూ’ అనే అంకెతో కొలుస్తారు. తరంగదైర్ఘ్యాన్ని అనునాదం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే క్యూ. 600 నానోమీటర్ల దగ్గర 60 నానోమీటర్ల మేర పరుచుకున్న అనునాదానికి క్యూ 10. అదే 0.6 నానోమీటర్లకు కుదించుకుంటే క్యూ 1,000.

బాల్టిమోర్‌లో వింత పట్టీలు

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి పందొమ్మిదో శతాబ్దం చివర్లో వివర్తన జాలకాల తయారీలో పెద్ద పేరు ఉండేది. అక్కడ హెన్రీ రోలండ్ నిర్మించిన యంత్రం లోహపు అద్దం మీద వజ్రపు మొనతో అంగుళానికి 14,438 గీతలు గీసేది. ఆ గీతల మీద పడిన తెల్లని కాంతి వర్ణపటంగా విచ్చుకుంటుంది. రోలండ్ మరణించిన 1901లోనే రాబర్ట్ విలియమ్స్ వుడ్ అక్కడికి ప్రొఫెసరుగా వచ్చారు.

మరుసటి ఏడాది వుడ్ ఒక జాలకం మీద మామూలు దీపం వెలుతురు వేసి చూశారు. ఎరుపు నుంచి ఊదా దాకా రంగులు ఒకదాంట్లోకి ఒకటి సాఫీగా కలిసిపోతూ కనిపించాలి. అలా కనిపించలేదు. వర్ణపటం మధ్యలో నల్లని పట్టీలు, వాటిని ఆనుకుని మిరుమిట్లు గొలిపే పట్టీలు ఉన్నాయి. జాలకాన్ని కాస్త తిప్పితే ఆ పట్టీలూ జరిగాయి. దీపంలో లోపం ఉంటే పట్టీలు కదలకూడదు కదా! అన్నిటికంటే ఆయన్ను ఆశ్చర్యపరిచింది వాటి అంచు. సోడియం ఇచ్చే పసుపు కాంతిలో జంటగా కనిపించే రెండు గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. అంత ఇరుకైన జాగాలోనే వెలుగు పదో వంతుకు పడిపోయింది. అప్పటికి ఉన్న సిద్ధాంతంలో ఇంత నిటారైన మార్పుకు చోటు లేదు. వుడ్ దాన్ని దాచిపెట్టకుండా, సర్దిచెప్పకుండా, చూసింది చూసినట్టు 1902లో ప్రచురించారు. ‘వుడ్ అసంగతాలు’ అనే పేరు అలా నిలిచిపోయింది.

ఐదేళ్ల తర్వాత లార్డ్ రాలీ ఆ పట్టీలు ఎక్కడ రావాలో లెక్క కట్టారు. జాలకం నుంచి వెలువడే పుంజాల్లో ఒకటి సరిగ్గా ఉపరితలాన్ని రాసుకుంటూ పోయే స్థితిలో ఈ మార్పు రావాలన్నది ఆయన లెక్క. పట్టీ ఎక్కడుండాలో దాదాపు తేలింది. పక్కపక్కనే చీకటీ వెలుగూ ఎందుకున్నాయో మాత్రం తేలలేదు.

ఆ ప్రశ్న మూడు దశాబ్దాలు ఆగింది. రోమ్‌లో ఎన్రికో ఫెర్మీ బృందంలో పనిచేస్తున్న ఉగో ఫానో అనే యువకుడికి 1935లో వేరే రంగంలో అలాంటి ఆకారమే ఎదురైంది. జడవాయువులు కాంతిని పీల్చుకునే గీతలు రెండు పక్కలా సమానంగా లేకుండా, ఒకవైపు ఎత్తుగా, రెండో వైపు గోయిలా ఉన్నాయి. ఫానో వివరణ ఇది: కాంతికి రెండు దారులున్నాయి. ఒకటి తిన్నగా పోయే దారి, రెండోది లోపల కాసేపు ఆగి వచ్చే దారి. రెండు దారుల్లో వచ్చిన తరంగాలు అనునాదానికి ఒక పక్కన కలిసి బలపడతాయి, రెండో పక్కన ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాల కారణంగా 1939లో ఇటలీ వదిలిన ఫానో, 1941లో వుడ్ పట్టీలకూ ఇలాంటి వివరణే ఇచ్చారు. జాలకం ఉపరితలం వెంట ఒక తరంగం కాసేపు నిలిచి పోతోందని, అది నేరుగా వచ్చే కాంతితో కలిసి ఆ వెలుగునీడల్ని సృష్టిస్తోందని చూపారు. 1961లో ఆయన రాసిన విస్తృత వ్యాసం తర్వాత ఈ ఒరుగు ఆకారానికి ఆయన పేరే స్థిరపడింది. ఇవాళ నానో ముక్కల మీద పనిచేసేవాళ్లు తెర మీద మొదట వెతికేది ఈ ఆకారాన్నే.

గోళంలో దాగిన గీతలు

వుడ్ జాలకాలు లోహంతో చేసినవి. గుండ్రటి కణం మీద కాంతి పడితే ఏమవుతుందో తేల్చింది జర్మనీలోని గ్రైఫ్స్వాల్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న గుస్తావ్ మీ. నీటిలో కలిసిన బంగారు రేణువులు కెంపు రంగులో ఎందుకుంటాయన్న ప్రశ్నకు ఆయన 1908లో 69 పుటల వ్యాసంతో జవాబిచ్చారు. మాక్స్‌వెల్ సమీకరణాలను గోళానికి అన్వయించి పూర్తిగా సాధించారు. ఆయనకు కావలసింది బంగారం. కానీ ఆ సూత్రంలోకి ఏ పదార్థం విలువలు పెట్టినా పనిచేస్తుంది. గాజుకూ నూనెకూ కూడా. అలాంటి పారదర్శక గోళాలకు లెక్క వేస్తే ఆ అనంత శ్రేణిలో సూదిమొనల్లాంటి అనునాదాలు బయటపడతాయి. అయితే చేత్తో లెక్కలు వేసే రోజుల్లో ఆ శ్రేణిలో కొన్ని పదాలను మించి వెళ్లడం కష్టం. సూదిమొనలు సూత్రంలోనే ఉండిపోయాయి.

వాటి వెనకున్న కారణం ధ్వనిలో అప్పటికే కనిపించింది. లండన్‌లోని సెయింట్ పాల్ కెథడ్రల్ గుమ్మటం కింద గోడకు నోరు ఆనించి గుసగుసలాడితే అవతలి వైపు గోడ దగ్గర నిలబడ్డవారికి వినిపిస్తుంది. ధ్వని గోడ వంపును అంటిపెట్టుకుని ప్రయాణిస్తుందని రాలీ వివరించారు. 1921లో మొదటిసారి ఇంగ్లండ్ వెళ్లిన సి.వి. రామన్ ఆ గుమ్మటం కిందికి వెళ్లి ప్రయోగాలు చేశారు. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న రామన్‌కు ధ్వనిశాస్త్రం అప్పటికే సొంత రంగం. గోడ నుంచి లోపలికి జరిగే కొద్దీ శబ్దం తగ్గుతూ పోవడమే కాదు, హెచ్చుతూ తగ్గుతూ ఉందని గమనించి ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. మధ్యధరా సముద్రపు నీలిరంగు ఆయన్ను కాంతి పరిక్షేపణం వైపు తిప్పింది కూడా ఆ ప్రయాణంలోనే.

ధ్వనికి గుమ్మటం చేసే పనిని కాంతికి నూనెచుక్క చేస్తుంది. దాన్ని కళ్లకు కట్టించినవారు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆర్థర్ ఆష్కిన్, జోసెఫ్ జీజిక్. 1977లో వాళ్లు మిల్లీమీటరులో నూరో వంతు పరిమాణం ఉన్న సిలికోన్ నూనెచుక్కను లేజర్ పుంజం ఒత్తిడితోనే గాలిలో నిలబెట్టారు. కింద ఆధారం లేదు, పైన దారం లేదు. చుక్క ఎత్తు మారకుండా లేజర్ శక్తి దానంతటదే సర్దుకునే ఏర్పాటు చేశారు. తర్వాత లేజర్ రంగును నెమ్మదిగా మార్చుతూ పోయారు. మామూలుగా చుక్కను మోయడానికి ఒకే శక్తి సరిపోతోంది. కొన్ని ప్రత్యేకమైన రంగుల దగ్గర మాత్రం చుక్క మీద ఒత్తిడి ఉన్నట్టుండి మారిపోయి, నమోదు కాగితం మీద నిటారైన ముళ్లు పడ్డాయి. ఆ రంగుల్లో కాంతి చుక్క లోపలి అంచును అంటిపెట్టుకుని గిరగిరా తిరుగుతోంది. గుస్తావ్ మీ సూత్రంలో దాగిన సూదిమొనలు ఇవే. చుక్క వ్యాసంలో లక్షలో ఒక వంతు తేడాను కూడా పసిగట్టేంత పదును వాటికుంది. ఆష్కిన్‌కు 2018లో, 96 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది. అది వచ్చింది కాంతి పట్టకార్లకు. ఈ నూనెచుక్కలు ఆ పరిశోధనకు తోబుట్టువులు.

మాస్కోలో బ్రగీన్‌స్కీ బృందం 1989లో గాజు గోళాలతో క్యూను కోట్లలోకి తీసుకెళ్లింది. కానీ ఈ గోళాలన్నీ కాంతి తరంగంతో పోలిస్తే చాలా పెద్దవి. గోళం చిన్నదయ్యే కొద్దీ వంపు పెరుగుతుంది, వంపు పెరిగే కొద్దీ కాంతి పక్కకు జారిపోతుంది. తరంగం కంటే చిన్నదైతే నిలకడ దాదాపు పోయినట్టే. చిన్న వస్తువులో పదును దొరకదన్న అభిప్రాయం ఇలా బలపడింది.

బెర్లిన్ నుంచి ఒక చిన్న వ్యాసం

ఆ అభిప్రాయానికి విరుగుడు 1929లోనే అచ్చయింది. దాన్ని కాంతి కోసం రాయలేదు. జాన్ వాన్ నాయ్‌మన్, యూజీన్ విగ్నర్ ఇద్దరూ బుడాపెస్ట్‌లో ఒకే బడిలో చదివినవారు. బెర్లిన్‌లో కొత్త క్వాంటం సిద్ధాంతంతో కుస్తీ పడుతున్న ఆ యువకులు ఒక జర్మన్ పత్రికలో కొద్ది పుటల వ్యాసం ప్రచురించారు. ఎలక్ట్రాన్‌కు తప్పించుకునేంత శక్తి ఉంటే అది తప్పించుకునే తీరుతుందని అందరూ నమ్మేవారు. అలా కానక్కర్లేదని వాళ్లు లెక్కతో చూపారు. చుట్టూ ఉన్న పొటెన్షియల్ ఒక ప్రత్యేకమైన పద్ధతిలో అలలు అలలుగా ఉంటే, బయటికి పోయే తరంగంలోని భాగాలు ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకుంటాయి. ఎలక్ట్రాన్‌కు శక్తి ఉంది, దారి ఉంది, అయినా బయటపడలేదు. ‘అవిచ్ఛిన్నంలో బద్ధస్థితి’ అని దీనికి శాస్త్రం పెట్టిన పేరు.

అలాంటి పొటెన్షియల్‌ను ఎవరూ తయారుచేయలేకపోయారు. దశాబ్దాల పాటు అది గణితంలో ఒక వింతగానే మిగిలింది. 1985లో జర్మన్ శాస్త్రవేత్తలు హరాల్డ్ ఫ్రీడ్రిష్, డీటర్ వింట్‌గెన్ దాన్ని ఆచరణకు దగ్గరగా తెచ్చారు. వాళ్ల లెక్క ప్రకారం అనంతంగా సాగే అలలు అక్కర్లేదు. కారిపోయే రెండు అనునాదాలు చాలు. ఆకారాన్ని కొద్దికొద్దిగా మార్చుతూ వాటిని దగ్గరికి తెస్తే, ఒకానొక చోట రెండింటి కారుడూ ఒకదాని మీదే పడుతుంది. రెండోది పూర్తిగా మూసుకుపోతుంది. గోడ కట్టకుండానే తలుపు మూయడానికి మార్గం ఇక్కడ దొరికింది.

రంగురంగుల సిలికాన్

లోహం లేకుండా అనునాదం సాధించవచ్చన్న ఆలోచన రేడియో ఇంజినీర్లకు ముందే తెలుసు. స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ రిక్ట్‌మయర్ 1939లో దీన్ని నిరూపించారు. విద్యుత్తు పారని పదార్థపు ముక్క ఏ లోహపు డబ్బా లేకుండానే తరంగాన్ని పట్టి ఉంచగలదని, అయితే బయలులో ఉన్న ముక్క కొంత తరంగాన్ని బయటికి వదలక తప్పదని కూడా ఆయన చూపారు. టీవీ డిష్‌ల ముందు ఉండే ఎల్‌ఎన్‌బీల్లో చాలా ఏళ్లు శ్రుతిని నిలిపింది ఇలాంటి పింగాణీ బిళ్లే.

మైక్రోవేవ్‌లకు మిల్లీమీటర్ల బిళ్ల సరిపోతుంది. కంటికి కనిపించే కాంతికి అది వేల రెట్లు చిన్నది కావాలి, వక్రీభవన గుణకం ఎక్కువున్న పదార్థమూ కావాలి. నానో కాంతిశాస్త్రం చాలాకాలం బంగారం, వెండి చుట్టూ తిరిగింది. ఆ లోహాలు కాంతిని చాలా ఇరుకు జాగాలో బంధిస్తాయి కానీ పట్టిన కాంతిని వేడిగా మార్చేస్తాయి. చిప్పుల పరిశ్రమ నిండా ఉన్న సిలికాన్ వైపు చూపు మళ్లడానికి ఈ నష్టమే కారణం.

2012లో సింగపూర్‌లోని అర్సెనీ కుజ్నెత్సోవ్ బృందం సిలికాన్ పలకను అతి స్వల్పకాల లేజర్ తాకిళ్లతో చెదరగొట్టింది. ఎగిరిపడిన తుంపరలు 100 నుంచి 200 నానోమీటర్ల గోళాలుగా గడ్డకట్టాయి. నల్లని నేపథ్యం మీద కణాలను మాత్రమే వెలిగించి చూపే సూక్ష్మదర్శిని కింద వాటిని పెట్టారు. ముక్కగా చూస్తే బూడిద రంగులో ఉండే సిలికాన్ అక్కడ నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలుగా మెరిసింది. రంగు వేసింది ఎవరూ లేరు. సైజే రంగును నిర్ణయించింది. చిన్నవి నీలంగా, పెద్దవి ఎర్రగా ఉన్నాయి. అదే ఏడాది జర్మనీలోని హానోవర్ నుంచి మరో బృందం ఇలాంటి ఫలితాన్నే ప్రకటించింది.

లెక్క సులువే. సిలికాన్‌లో కాంతి తరంగం దాదాపు నాలుగు రెట్లు కుంచించుకుంటుంది. 600 నానోమీటర్ల కాంతి లోపలికి వెళ్లి 150 అవుతుంది. గోళం వ్యాసం కూడా 150 అయితే విద్యుత్ క్షేత్రం లోపల వలయంగా చుట్టుకుంటుంది. వలయంగా తిరిగే విద్యుత్ క్షేత్రం అయస్కాంత స్పందనను పుట్టిస్తుంది. కంటికి కనిపించే కాంతిలోని అయస్కాంత భాగానికి ప్రకృతిలోని పదార్థాలు దాదాపుగా స్పందించవు. ఇక్కడ రాతి నుంచి వచ్చే సిలికాన్ ఆ పని చేసి చూపింది. విద్యుత్, అయస్కాంత స్పందనలు సమానమైన చోట కణం కాంతిని వెనక్కి వెదజల్లడం మానేస్తుందని మిల్టన్ కర్కర్ 1983లో చెప్పిన మాట కూడా ఈ కణాల్లోనే కనిపించింది.

అంతా బాగుంది, పదును తప్ప. ఇంత చిన్న సిలికాన్ గోళం క్యూ పది దగ్గరే తచ్చాడుతుంది. ఇక్కడ 1929 నాటి వ్యాసం మళ్లీ తెరుచుకుంది.

తలుపు మూసిన తరంగాలు

2008లో మరినికా, బొరిసోవ్, షబానోవ్ అనే ముగ్గురు అవిచ్ఛిన్నంలో బద్ధస్థితిని కాంతికి అన్వయించారు. 2013లో అమెరికాలోని ఎంఐటీలో మరిన్ సోల్యాచిచ్ బృందం దాన్ని పలకలో పట్టి చూపింది. 180 నానోమీటర్ల మందం ఉన్న సిలికాన్ నైట్రైడ్ పొర మీద 336 నానోమీటర్లకొకటి చొప్పున వరసగా రంధ్రాలు చేశారు. చాలా కోణాల్లో ఆ పొర లోపలి కాంతి బయటికి కారుతుంది. కోణాన్ని మార్చుతూ పోయి 35 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి కారుడు ఆగిపోయింది. అద్దం లేదు, ఆ దిశలో తరంగం పోవడానికి అడ్డంకీ లేదు. పొర నుంచి వెలువడే భాగాలు సరిగ్గా ఆ కోణంలో ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

పలక సంగతి సరే, ఒంటరి కణం మాటేమిటి? బయలులో ఉన్న ఒక్క ముక్క కాంతిని పూర్తిగా బంధించలేదని సిద్ధాంతం తేల్చింది. రిక్ట్‌మయర్ మాట తప్పలేదు. కానీ కారుడును బాగా తగ్గించవచ్చు. ఆస్ట్రేలియాలో యూరీ కివ్‌షర్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఆయన సహచరులు 2017లో ఒక చిన్న స్తంభంతో ఇది ఎలా చేయాలో లెక్కించారు. స్తంభంలో అడ్డంగా ఊగే ఒక అనునాదం ఉంది, నిలువుగా ఊగే మరొకటి ఉంది. వ్యాసానికీ ఎత్తుకూ ఉన్న నిష్పత్తిని సరిచేస్తే రెండూ కలుస్తాయి. ఫ్రీడ్రిష్, వింట్‌గెన్ చెప్పినట్టే ఒకటి కారుడంతా మోస్తుంది, రెండోది నిలబడుతుంది.

2020లో దాన్ని చేసి చూపారు. అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్‌తో 635 నానోమీటర్ల ఎత్తున్న స్తంభాలను, వ్యాసంలో చిన్నచిన్న తేడాలతో వరసగా తయారుచేశారు. వాటి మీద వేసిన లేజర్ పుంజం మామూలుది కాదు. మధ్యలో చీకటి, చుట్టూ వెలుగు ఉండే వలయం అది. లోపలి తరంగం కూడా వలయంగానే తిరుగుతుంది కాబట్టి ఈ జోడీ కుదిరింది. 1,570 నానోమీటర్ల దరిదాపుల్లోని పరారుణ కాంతి లోపలికి వెళ్లింది, అందులో కొంత సగం తరంగదైర్ఘ్యంతో బయటికి వచ్చింది. వ్యాసం సరిగ్గా కుదిరిన స్తంభం దగ్గర ఈ మార్పిడి ఎగసిపడింది. క్యూ 190 దాకా చేరింది. కోట్లలో క్యూ చూసినవారికి ఇది తక్కువ అనిపించవచ్చు. కానీ ఈ స్తంభం తన మీద పడే కాంతి తరంగం కంటే చిన్నది. ఆ సైజులో పది దగ్గర ఆగిన అంకె దాదాపు ఇరవై రెట్లయింది.

ముక్కలను వరసగా పేరిస్తే పదునును కావలసినంత దిద్దుకోవచ్చు. జంటగా ఉన్న రెండు కోడిగుడ్డు ఆకారపు ముక్కలు సమాంతరంగా ఉండి, వాటిలో తరంగాలు ఎదురెదురు దిశల్లో ఊగితే బయటికి ఏమీ రాదు. వాటిని కాస్త వంచితే కొట్టివేత అసంపూర్ణమై సన్నని దారి తెరుచుకుంటుంది. వంపును సగానికి తగ్గిస్తే ఆ దారి ద్వారా లెక్కించే క్యూ నాలుగింతలవుతుంది. స్విట్జర్లాండ్‌లో హతీజె ఆల్తుగ్ బృందం 2018లో ఈ సూత్రంతో వంద చదరాల పలకను తయారుచేసింది. ప్రతి చదరంలో ముక్కల సైజు కాస్త తేడా, అందువల్ల ప్రతి చదరం పరారుణంలో ఒక్కో సన్నని రంగుకు శ్రుతి అయి ఉంటుంది. దాని మీద ప్రోటీన్ పలుచగా పేరుకుంటే, ఆ ప్రోటీన్ పీల్చుకునే రంగులకు సరిపడిన చదరాలు మసకబారుతాయి. వర్ణపటమాపకం అక్కర్లేదు. ఏ చదరాలు మసకబారాయో ఒక చిత్రం తీస్తే అణువు ఆనవాలు తెలుస్తుంది. వ్యాధి నిర్ధారణను పెద్ద ప్రయోగశాలల నుంచి బయటికి తేవాలనుకునేవారికి ఇది గొప్ప ఆశ. శాన్ డియాగోలో బూబకర్ కాంతే బృందం అంతకు ముందు ఏడాదే, ఇలాంటి స్థితిని వాడుకుని, 8 వరసల్లో 8 చొప్పున పేర్చిన చిన్న స్తంభాల నుంచి కూడా లేజర్ కాంతి తెప్పించింది.

ఇప్పుడు అడ్డం పడుతున్నది గరుకుదనం. కాగితం మీద అనంతమైన క్యూ, ఫలకం మీదికి వచ్చేసరికి వేలకో వందలకో దిగిపోతుంది. అంచుల్లో కొన్ని నానోమీటర్ల ఎగుడుదిగుడులున్నా కొట్టివేత లెక్క తప్పుతుంది. ముక్కల వరస ఎక్కడో ముగియక తప్పదు, ఆ చివర్ల నుంచి కాంతి కారుతుంది. కంటికి కనిపించే రంగుల్లో సిలికాన్ తానే కొంత కాంతిని మింగేస్తుంది. అందుకే ఆ రంగుల కోసం టైటానియం డయాక్సైడ్, గాలియం ఫాస్ఫైడ్ వైపు మళ్లుతున్నారు. ఎలక్ట్రాన్ పుంజంతో ఒక్కో ముక్కనూ గీసే పద్ధతి కచ్చితమైనదే గానీ చాలా నెమ్మది. ఫ్యాక్టరీలో వేల కొద్దీ పలకలను ఒకే కొలతతో ముద్రించే మార్గం కోసం పోటీ నడుస్తోంది.

(వచ్చే భాగంలో: 2016లో హార్వర్డ్‌లో టైటానియం డయాక్సైడ్ స్తంభాలతో తయారైన పలుచని కటకం, దాని వెనక ఫెడెరికో కపాసో బృందం చేసిన కృషి)